తిన్నానని చెప్పి వెళ్ళే మనిషి

డ్రైవరు గారు పోయారన్న కబురు నాకు మద్రాసులో, ఒక పెద్ద హోటల్లో భోజనం ముందు కూర్చుని ఉండగా అందింది. బేరరు వచ్చి, మడత పెట్టిన కాగితం ఉన్న చిన్న పళ్ళెం నా ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. విశాఖపట్నం ఆఫీసు నుంచి ఫోను చేశారట. రిసెప్షన్లో ఎవరో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి పంపారు. పొద్దున్నే గుండెపోటు, మల్కాపురంలో ఇంటి దగ్గరే. సాయంత్రానికల్లా దహనం. నేను రైలెక్కినా అందుకోలేను.

నా ముందు తెల్లటి చిక్కటి సాస్ కింద ఒక చేప ముక్క ఉంది. ఏ చేపో తెలియదు, అది తెలియకూడదనే సాస్ పోసినట్టు ఉంది. దాన్ని చూస్తూ కూర్చుంటే పదేళ్ళపాటు ఆయన నోట నేను విని విని విసుక్కున్న ప్రశ్న చెవిలో వినబడింది. "ఇది ఎవరొండేరు బాబూ?" నాకు తెలియదు. బేరర్ని అడిగితే మేనేజర్ని పిలుస్తాడు, ఏదో తప్పు జరిగిందనుకుని. పళ్ళెం పక్కకి జరిపాను. లేచి గదికి వెళ్ళిపోయాను.

ఆయన ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. పత్రికల్లో పేరు పడే మనిషి కాదు. ఓడల్లోకి ఎక్కే ఇనుప ఖనిజాన్ని పరీక్ష చేసి కాగితం రాసిచ్చే చిన్న కంపెనీ మాది. ఆ కంపెనీకి ఒక నల్ల అంబాసిడర్, దానికి ఆయన. డెబ్బైల చివర్లో నేను కృష్ణా జిల్లా నుంచి ఒక డిగ్రీ, ఒక ట్రంకు పెట్టె, వాటి రెండింటికీ సరిపడని గర్వం పట్టుకుని విశాఖపట్నం వచ్చాను. గోపాలపట్నంలో అద్దె గది. వారంలో నాలుగు రోజులు తిరుగుడే. ఇటు అనకాపల్లి, తుని, రాజమండ్రి. అటు విజయనగరం, సాలూరు, ఘాటీ ఎక్కి ఆవలికి. వెనక సీట్లో కంపెనీకి వచ్చిన అతిథి, ముందు సీట్లో నేను, నా పక్కన స్టీరింగు మీద చెయ్యి వేసుకుని ఆయన. నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఆఫీసులో పేరు పెట్టి పిలిచేవారు. నేను మాత్రం మొదటి రోజు నుంచీ డ్రైవరు గారూ అనే పిలిచాను. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే ఇదంతా రాస్తున్నాను.

తిరిగే ఉద్యోగంలో మనిషి బుద్ధి భోజనం వేళ బయటపడుతుంది. తెలియని ఊళ్ళో ఎక్కడ తినాలన్నది ఆయనకు పెద్ద విద్య. లారీలు ఎక్కువ ఆగిన చోటే తిండి బాగుంటుందని అందరూ అంటారు గదా, ఆయన దాన్ని కొట్టిపారేసేవారు. "లారీవోళ్ళు తిండికి ఆగరు బాబూ, సోటు ఉందని ఆగుతారు" అనేవారు. ఆయన చూసేది కొట్టు ముందు పడుకున్న కుక్కని. కుక్క బలిసి ఉంటే కారు ఆపేవారు కాదు. "ఆకుల్లో ఒగ్గీసిందంతా అది తింతంది. మనుషులు తినట్లేదన్నమాట." కుక్క బక్కగా ఉంటే సంతోషంగా బ్రేకు వేసేవారు. ఒకసారి తుని దాటాక ఎముకలు లెక్కపెట్టొచ్చన్నంత బక్కగా ఉన్న కుక్కని చూసి ఆగాం. ఆ సాంబారు ఇప్పటికీ నాకు పీడకలే. బయటికొచ్చి కారు తలుపు తీస్తూ, ఆ కుక్క వంక చాలాసేపు చూసి, "దీనిక్కూడా నచ్చనట్టుంది బాబూ" అన్నారు. అంతకుమించి నవ్వలేదు. ఆయన నవ్వు కళ్ళ దగ్గరే ఆగిపోయేది.

ఎక్కడ తిన్నా ఆయనకు ఒక అలవాటు. ముందు ఎవరొండేరని అడిగేవారు. చెయ్యి కడుక్కుని, కండువాతో తుడుచుకుని, తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళేవారు. లోపలికి అడుగు పెట్టేవారు కాదు. అక్కడే నిలబడి, పొయ్యి దగ్గరున్న మనిషికి వినపడేలా, "తిన్నాను" అని చెప్పేవారు. దాని వెంట ఉప్పు మాట. సరిపోయిందనో, ఒక రవ్వ తగ్గిందనో. అంతే, వెనక్కి తిరిగి వచ్చేసేవారు. కొందరు వంటవాళ్ళు బిత్తరపోయేవారు. కొందరు గరిటె పట్టుకునే నమస్కారం పెట్టేవారు. సాలూరులో ఒక ముసలామె పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగి, కారు దాకా వచ్చి సాగనంపింది.

నాకు అప్పుడు ఇదంతా చాదస్తంగా ఉండేది. డబ్బిచ్చి తిన్నాం, మళ్ళీ చెప్పడమేమిటని ఒకసారి అడిగాను.

"డబ్బు గల్లా పెట్టికాడ కూకున్నోడికిచ్చాం బాబూ. ఒండిన మనిషికి ఏటిచ్చాం?" అన్నారు. గేరు మార్చి, కొంచెం దూరం పోయాక మళ్ళీ, "పొయ్యి కాడ ఉన్నోళ్ళకి ఆకు కనపడదు. మనం తిన్నామో ఒగ్గీసేమో ఆళ్ళకెలా తెలుస్తాది? సెప్పాల" అన్నారు.

నిజం చెప్పాలంటే నా మనసంతా అప్పట్లో పెద్ద హోటళ్ళ మీద ఉండేది. బీచి రోడ్డులో మా అతిథుల్ని దించే హోటలుంది. దాని పేరెందుకు లెండి. గాజు తలుపు అవతల చల్లటి గాలి, గంజి పెట్టిన తెల్ల గుడ్డలు, పక్షిలా మడిచిన చేతిరుమాలు, అడుగు చప్పుడు వినపడని తివాచీ. అతిథితో పాటు నాకూ అక్కడ భోజనం. మొదటిసారి ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు నేను మా ఊరినుంచి ఎంత దూరం వచ్చేశానో తలుచుకుని పొంగిపోయాను. చెంచా చప్పుడు కాకుండా తినడం నేర్చుకోవడానికి గదిలో ఒక్కణ్ణీ కూర్చుని ఉప్మాతో సాధన చేశాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పుడది నాకు చదువులాగే ఉండేది.

డ్రైవర్లు బయట ఉండాలి. అది అక్కడి రివాజు. ఆయన కారు నీడలో పెట్టుకుని, తను తెచ్చుకున్న చద్దన్నమో, దగ్గర్లో ఏ బండి దగ్గరో నాలుగిడ్లీలో తినేవారు. నేను బయటికొస్తే, "అయిందేటి బాబూ?" అని తలుపు తీసేవారు. ఏం తిన్నారని మాత్రం ఎప్పుడూ అడిగేవారు. నేను ఇంగ్లీషు పేర్లు చెబుతుంటే శ్రద్ధగా వినేవారు. ఎగతాళి చేసేవారు కాదు. ఎగతాళి చేసి ఉంటే నాకు తొందరగా బుద్ధొచ్చేదేమో.

ఒకసారి మాత్రం ఆయన లోపలికి వచ్చారు. జపాను నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు, మూడు రోజులు ఘాటీ రోడ్డు మీద తిప్పిన మనిషి బయట కూర్చుంటే నేను తిననని పట్టుబట్టాడు. హోటలువాళ్ళు తటపటాయించి, మూల బల్ల చూపించారు. నేను ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఆయన మాత్రం బస్సులో సీటు దొరికినట్టు హాయిగా కూర్చున్నారు. కత్తీ ఫోర్కూ పక్కకి జరిపి, చేత్తో, ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నారు. జపాను ఆయన అది చూసి తనూ చెంచా కింద పెట్టేశాడు. భోజనమయ్యాక డ్రైవరు గారు లేచి బేరర్ని అడిగారు.

"వంటిల్లు ఎటు బాబూ?"

"ఎందుకండీ? ఏమైనా కంప్లైంటా?"

"కంప్లైంటు కాదు. తిన్నానని సెప్పాల."

బేరరు తన పైవాడు, కెప్టెన్ని పిలిచాడు. కెప్టెన్ ఇంకెవర్నో పిలిచాడు. నేను తల దించుకుని నీళ్ళ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. చివరికి జపాను ఆయన నవ్వుతూ ఏదో అన్నాక, తీసుకెళ్ళారు. అటూ ఇటూ ఊగే జంట తలుపు. దానికి గుండ్రటి అద్దం. ఆ తలుపు దగ్గరే ఆయన ఆగిపోయారు. లోపలి నుంచి ఎత్తు టోపీ పెట్టుకున్న వంటాయన, వన్‌టౌన్‌లో ఉండే ముస్లిం పెద్దమనిషి, చేతులు తుడుచుకుంటూ కంగారుగా బయటికొచ్చాడు.

"తిన్నాను సాయిబు గారూ. సేప బాగుంది. ఉప్పు ఒక్క రవ్వ తగ్గింది."

ఆ వంటాయన టోపీ తీశాడు. "పదేళ్ళ నుంచి ఇక్కడ ఒండుతన్నాను భాయ్. ప్లేట్లు వాపసొస్తాయి. తిన్న మనిషి మాత్రం ఎప్పుడూ రాలేదు" అన్నాడు. వాళ్ళిద్దరూ అప్పటి నుంచి స్నేహితులైపోయారు. బావా బావా అని పిలుచుకునేవారు.

కారులో నేను గెలిచినవాడిలా అడిగాను. చూశారా, పెద్ద హోటలు వంట ఎలా ఉందో? ఆయన ఒప్పుకున్నారు. "తక్కువేటి కాదు బాబూ. సెయ్యి మంచి సెయ్యి. ఆ తలుపే ఎక్కువ." ఇన్నేళ్ళలో చిన్న కొట్టుకీ పెద్ద హోటలుకీ ఉన్న తేడా ఇంత తక్కువ మాటల్లో ఎవరూ నాకు చెప్పలేదు.

ఇక అప్ప గురించి చెప్పాలి. ఆయన సొంత అక్క. పోర్టులో పనిచేసే భర్త పోయాక మల్కాపురంలో ఒక సందులో భోజనాల కొట్టు పెట్టుకుంది. రేకుల కప్పు, మూడు బల్లలు. రిఫైనరీవాళ్ళు, పోర్టు కూలీలు, లైటు ఉన్నంతసేపూ ఎవరో ఒకరు తింటూనే ఉండేవారు. పేరూ బోర్డూ లేవు, అప్ప కొట్టంటే చాలు. అనకాపల్లి వైపు నుంచి తిరిగొచ్చేటప్పుడు గాజువాక దగ్గర కారు దానంతటదే అటు తిరిగేది. ఆమె చేసే కవ్వళ్ళ చేపల పులుసు గురించి నేనేం రాసినా తక్కువే. కారానికి చెవుల్లోంచి ఆవిర్లొచ్చేవి, అయినా మళ్ళీ అన్నం పెట్టించుకునేవాణ్ణి. వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉన్న బల్ల కొస ఆయన చోటు. తిన్నాక లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, "తిన్నాను అప్పా" అనేవారు. ఆమె పొయ్యి మీంచి తల తిప్పకుండా, "ఉప్పు?" అనేది. "సరిపోయింది." ఇద్దరూ ఇంతకుమించి మాట్లాడుకోవడం నేను తక్కువసార్లు విన్నాను.

నేను ఏనాడూ చెప్పలేదు. తిని, చెయ్యి కడుక్కుని, కారెక్కి కూర్చునేవాణ్ణి. ఆమె నా వైపు ఒకసారి చూసేది. ఆ చూపు ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

ఇప్పటికి ఆరేళ్ళ కిందటి మాట. కలకత్తా నుంచి మా కంపెనీ డైరెక్టరు వచ్చాడు. నా ప్రమోషను ఆయన చేతిలో ఉంది. అనకాపల్లి నుంచి తిరిగొస్తుంటే మధ్యాహ్నం ఒంటిగంట. ఆకలిగా ఉంది, ఈ ఊరి భోజనం ఏదైనా తినిపించండి అన్నాడు డైరెక్టరు ఇంగ్లీషులో. మాట తెలియకపోయినా, భోజనం అన్న సైగ అర్థమై డ్రైవరు గారి ముఖం వెలిగింది. నన్ను అడగలేదు. గాజువాక దగ్గర కారు తిప్పి, సందులోకి పోనిచ్చి, సరిగ్గా కొట్టు ముందు ఆపారు. ఎండ. అద్దాలన్నీ దించి ఉన్నాయి. అప్ప గుమ్మంలోకి వచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, నవ్వుతూ నిలబడింది.

డైరెక్టరు ఆ రేకుల కప్పు వంక చూశాడు. ఆ చూపు నాకు సరిపోయింది.

"ఇక్కడ కాదు, డ్రైవర్" అన్నాను. "ఇలాంటి చోట మనుషులు తింటారా? హోటలుకి పోనీ."

తెలుగులోనే అన్నాను. ఇంగ్లీషులో డైరెక్టరుకి చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను గట్టిగా మందలించినట్టు డైరెక్టరుకి కనపడాలి గదా. తెలియక అన్నానని చెప్పుకుంటే కొంచెం ఊరటగా ఉండేది. తెలిసే అన్నాను. ఆమె ఎవరో తెలుసు, ఆ చేతి అన్నం నాలుగేళ్ళు తిన్నాను.

డ్రైవరు గారు కిటికీలోంచి, "మళ్ళీ ఒస్తాం అప్పా, దొరగారికి తొందరంట" అని చెప్పి కారు వెనక్కి తీశారు. ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు బీచి హోటల్లో ఏం తిన్నానో గుర్తులేదు. ప్రమోషను మాత్రం వచ్చింది.

క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. మర్నాడు నోరు తెరవబోతే, ఆయనే ముందు మాట్లాడారు. "అప్ప కొట్టు తీసీసింది బాబూ. మోకాళ్ళ నొప్పులు." నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. కొట్టే లేకపోతే ఇక వెళ్ళి ముఖం చూపించే పని లేదు. ఆ తర్వాత కారు ఎప్పుడూ మల్కాపురం వైపు తిరగలేదు, గాజువాక నుంచి నేరుగా హైవే మీదే. నేనూ అడగలేదు. ఆయన నాతో మామూలుగానే ఉన్నారు. కుక్కల్ని చూసి కారు ఆపడం, ఉప్పు మాట చెప్పడం, అన్నీ ఉన్నాయి.

కొత్తగా ఒకటి మొదలైంది. దూర ప్రయాణాలున్న రోజు ఆయన నాకోసం ఒక స్టీలు డబ్బా తెచ్చేవారు. మూత మీద సొట్ట ఉండేది. లోపల మెత్తటి అన్నం, పెసరపప్పు, ఇంత పెరుగు. కారమన్నది లేదు. "బయట తిండి రోజూ పడదు బాబూ, ఇది తినండి" అనేవారు. ఇంటి దగ్గర ఆయన భార్య వండిందనుకున్నాను. కొన్నాళ్ళు మరీ చప్పగా, ఉప్పు కూడా లేకుండా ఉండేది. "ఇవాళ మీ ఆవిడ ఉప్పు మరిచిపోయారండీ" అంటే, "సెప్తాను బాబూ" అని రోడ్డు వైపు చూసేవారు. కానీ మిగల్చనిచ్చేవారు కాదు. "ఒక్క ముద్ద కూడా ఒగ్గీకండి" అని పక్కన కూర్చుని, డబ్బా ఖాళీ అయ్యేదాకా చూసి, తనే కడిగి, కారులో పెట్టుకునేవారు. ఆరేళ్ళు తిన్నాను. ఎవరు వండారని ఒక్కసారీ అడగలేదు. ఆ ప్రశ్న రోజూ అడిగే మనిషి పక్కనే కూర్చుని కూడా అడగలేదు.

మద్రాసు పని ముగించుకుని పెద్దకార్యం నాటికి వచ్చాను. మల్కాపురంలో ఆయన ఇంటి సందులో టార్పాలిన్ కట్టి భోజనాలు పెడుతున్నారు. కారు లేకుండా ఆ ఇంటికి వెళ్ళడం నాకదే మొదటిసారి. వరసలో కూర్చున్నాను. విస్తరి వేశారు. వడ్డించేవాళ్ళు నా దగ్గరికి రాగానే వెనకనుంచి ఒక గొంతు, "ఆ బాబుకి ఒద్దు" అంది.

అప్ప. జుట్టు పూర్తిగా నెరిసింది. మోకాళ్ళ నొప్పుల జాడ లేదు, గబగబా నడిచి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె.

"మీకు యేరేగా ఒండినాను బాబూ. కారం ఎయ్యలేదు" అంటూ పెసరపప్పు వడ్డించింది. "కడుపులో పుండు తగ్గిందేటి?"

"పుండా?" అన్నాను.

"తమ్ముడు సెప్పీవోడు గదా. డాట్రు మీకు కారం ముట్టొద్దన్నాడని, అందుకే మన కొట్టుకి రాట్లేదని. ఆరేళ్ళయినాది. ఇన్నాళ్ళూ డబ్బా అందీదా?"

వాకిట్లో గిన్నెల పక్కన, కడిగి బోర్లించిన సొట్ట మూత డబ్బా కనపడింది. నడుస్తున్న కొట్టు మూసేశారని నాకు చెప్పారు. ఆమెకు నాకు జబ్బని చెప్పారు. నా మాట ఆమె దాకా పోకుండా, నా ముఖం ఆమె ముందు పడకుండా, మా ఇద్దరికీ మధ్య ఆ మనిషి ఆరేళ్ళు కారు నడిపారు. పైగా ఆమె పంపిన అన్నం నా చేత ఖాళీ చేయించారు. ఎందుకో నాకు ఆ విస్తరి ముందు తెలిసింది. జబ్బు గురించి అబద్ధమాడగలిగారు గానీ, తినకపోతే తిన్నారని వండిన మనిషికి చెప్పలేరు. ఆ ఒక్క అబద్ధం ఆయనకు చేతకాదు.

నేను ఆ రోజు నిజం చెప్పలేదు. తమ్ముడి ఫొటోకి దండ వేసిన ఇంట్లో, నీ తమ్ముడు నీతో అబద్ధమాడాడమ్మా అని ఎలా చెప్పను? పప్పన్నం అంతా తిన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. లేచి చెయ్యి కడుక్కుని, వంట చేస్తున్న చోటికి వెళ్ళి నిలబడ్డాను. "తిన్నానమ్మా" అన్నాను. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఆమె తలూపింది. ఉప్పు గురించి అడగలేదు.

కానీ మోసుకు తిరగలేకపోయాను. ఇది రాయాలని కూర్చున్నప్పుడు, ఆమెకి చెప్పకుండా మీకు చెప్పడం ఇంకొక ద్రోహమవుతుందని తోచింది. పోయిన ఆదివారం బస్సెక్కి మల్కాపురం వెళ్ళాను. భోజనాల రద్దీ అయిపోయి కొట్టు ఖాళీగా ఉంది. నన్ను చూసి అప్ప పప్పు గిన్నె వెతకబోయింది.

"ఉండమ్మా" అన్నాను. "నాకు పుండు లేదు. ఎప్పుడూ లేదు. ఆ రోజు కారులో నేనొక మాటన్నాను."

"తెలుసు బాబూ" అంది.

బల్ల తుడవడం ఆపలేదు.

"గుమ్మంలోనే ఉన్నాను గదా. అద్దాలు దించే ఉన్నాయి."

ఆమే చెప్పింది. "ఆ సాయంత్రం ఆడొచ్చి ఇక్కడే కూకున్నాడు. నా మొకం సూడలేదు. ఆ గోడకి సెప్పినాడు, బాబుకి కడుపులో పుండంట అప్పా, అని. పుట్టి బుద్దెరిగాక నాతో అబద్ధమాడలేదు ఆడు. మొదటిసారి ఆడినాడు, అదీ నాను బాధపడకూడదని. నాకు తెలుసునని అంటే ఆడేటైపోతాడు? అందుకే సప్పిడి పప్పు ఒండి డబ్బాలో ఎట్టినాను. ఒండి పంపితే నాను నమ్మీసినాననుకుంటాడు గదా."

"నా మీద కోపం రాలేదా అమ్మా?"

"రాకేటి? కోపం ఒచ్చిన రోజు ఉప్పు కూడా ఎయ్యలేదు."

ఆమె గుడ్డ పిండి, కిటికీ మీద ఆరేసి వచ్చింది.

"రాను రాను అదీ పోయినాది బాబూ. డబ్బా కాళీగా ఒచ్చీది. తిన్నారు అప్పా అని ఆడొచ్చి సెప్పీవోడు. కాళీ డబ్బా మీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటాం?"

ఆ అక్కా తమ్ముళ్ళ మధ్య ఆరేళ్ళు తిరిగిన ఆ డబ్బాలో నా కోసం వండింది తక్కువ, వాళ్ళు ఒకరికోసం ఒకరు దాచుకున్నదే ఎక్కువ. నేను మధ్యలో కూర్చుని తిన్నాను. నాకు దక్కిన క్షమ అదే. ఎవరూ ఇస్తున్నామని చెప్పి ఇవ్వలేదు, నేను తీసుకుంటున్నానని తెలిసి తీసుకోలేదు.

అప్ప కంచం పెట్టింది. వేడన్నం, దాని మీద ఎర్రగా కవ్వళ్ళ పులుసు. "తినండి, సల్లారిపోతాది" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. గుమ్మానికి ఎదురుగా బల్ల కొస ఖాళీగానే ఉంది. నేను దాని పక్కన కూర్చున్నాను. ఆరేళ్ళుగా ఆ కారం ఎరగని నోరు భగ్గుమంది. మెల్లగా, ముల్లు ముల్లు తీసుకుంటూ, చివరి మెతుకు దాకా తిన్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర, ఆయన ఆగేచోట ఆగాను.

"తిన్నాను అప్పా" అన్నాను.

ఆమె పొయ్యి వైపే తిరిగి ఉంది. గరిటె తిప్పుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఉప్పు?" అంది.